లాసెట్‌కు ఇంటి దగ్గరే ఎలా చదవాలి? పార్ట్‌ సి నుంచి మొదలుపెట్టండి

కోచింగ్‌ లేకుండా లాసెట్‌లో, అంటే ఎల్‌ఎల్‌బీ ప్రవేశ పరీక్షలో, మంచి ర్యాంకు వస్తుందా? ఏ పుస్తకం కొనాలి? నాది బీకామ్‌, లా అంటే ఓనమాలు కూడా రావు, రెండు నెలలు చాలతాయా? నోటిఫికేషన్‌ పడిన దగ్గర్నుంచి అందరూ అడిగేవి ఈ మూడే. మూడింటికీ జవాబు ప్రశ్నపత్రం కొలతల్లోనే ఉంది. ముందు వాటిని చూద్దాం.

తెలంగాణలోనైనా ఆంధ్రప్రదేశ్‌లోనైనా, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకైనా ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీకైనా లాసెట్‌ అంటే 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాలు. పరీక్ష కంప్యూటర్‌ మీద. పార్ట్‌ ఎ జనరల్‌ నాలెడ్జ్‌, మెంటల్‌ ఎబిలిటీ 30 మార్కులు. పార్ట్‌ బి కరెంట్‌ అఫైర్స్‌ 30. పార్ట్‌ సి, అంటే లా చదవడానికి మీకున్న ఆప్టిట్యూడ్‌, 60. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఈ కనీస మార్కుల షరతు లేదు.

సగం పేపరు పార్ట్‌ సి. ఇద్దరికి మార్కులు సమానమైతే ర్యాంకు తేల్చడానికి ముందుగా చూసేది కూడా పార్ట్‌ సి మార్కులే. అయినా చాలామంది గైడు మొదటి పేజీ తెరిచి సింధు నాగరికతతో మొదలుపెడతారు. పార్ట్‌ సి దగ్గరికి వచ్చేసరికి హాల్‌టికెట్‌ వచ్చేస్తుంది. ఈ వరసను తిరగేయడమే మేం చెప్పబోయే పద్ధతి.

ఒక మాట ముందే. హైదరాబాద్‌లోని నల్సార్‌, విశాఖలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం లాసెట్‌ ర్యాంకుతో ఐదేళ్ల కోర్సు సీట్లు ఇవ్వవు. వాటికి క్లాట్‌, అంటే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష, రాయాలి. ఆ పేపరు ఇంగ్లిష్‌లో మాత్రమే ఉంటుంది, పొడవాటి పేరాలు చదివి జవాబు పెట్టాలి, తప్పుకు పావు మార్కు కోత. అది వేరే చదువు. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్రా, నాగార్జున, శ్రీ వెంకటేశ్వర వంటి విశ్వవిద్యాలయాల లా కాలేజీలు, వాటి పరిధిలోని ప్రైవేటు కాలేజీలు కావాలంటే లాసెట్‌.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- గత ఐదేళ్ల లాసెట్‌ పేపర్లు, కీలతో సహా. తెలంగాణకు రాసేవాళ్లు ఆంధ్ర పేపర్లు, ఆంధ్రకు రాసేవాళ్లు తెలంగాణ పేపర్లు కూడా తెచ్చుకోండి. స్వరూపం ఒకటే కాబట్టి అభ్యాసానికి రెట్టింపు సరుకు దొరికినట్టే.
- రాజ్యాంగం మూల పాఠం. తెలుగు మీడియం వాళ్లకు తెలుగు అనువాదం సరే, ఇంగ్లిష్‌ ప్రతి కూడా పక్కన ఉండాలి.
- 2024 జులై తర్వాత అచ్చయిన ఒక లాసెట్‌ గైడు. అంతకుముందుది ఉచితంగా వచ్చినా వద్దు. కారణం నాలుగో మెట్టులో ఉంది.
- రెండు నోటు పుస్తకాలు. ఒకటి సెక్షన్లు, ఆర్టికల్స్‌, కేసులకు. రెండోది తప్పులకు మాత్రమే.
- గోడ గడియారమో, ఫోన్‌లో టైమరో.

రోజుకు మూడు గంటలు కూర్చోగలిగితే 70 రోజులు చాలు. ఉద్యోగం చేస్తూ గంటన్నరే దొరికితే 110 రోజులు చేతిలో ఉంచుకోండి. 2024, 2025లో రెండు రాష్ట్రాల్లోనూ పరీక్ష జూన్‌ నెలలో జరిగింది. మీ ఏడాది పరీక్ష తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుంటే ఎప్పుడు మొదలుపెట్టాలో తెలుస్తుంది.

1. అర్హత, దరఖాస్తు: అరగంట పని, కానీ ముందే చేయండి

మూడేళ్ల కోర్సుకు ఏదైనా డిగ్రీ, ఐదేళ్ల కోర్సుకు ఇంటర్‌. జనరల్‌ వాళ్లకు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం మార్కులు ఉండాలి. గరిష్ఠ వయోపరిమితి లేదు. అందుకే రిటైరైన తహసీల్దారూ, డిగ్రీ ఫైనలియర్‌ కుర్రాడూ ఒకే హాల్లో పక్కపక్కన కూర్చుని రాస్తుంటారు.

జాగ్రత్త పడాల్సిన చోట్లు రెండు. ఇంటర్‌ లేకుండా నేరుగా ఓపెన్‌ యూనివర్సిటీలో డిగ్రీ చేసినవాళ్లకు బార్‌ కౌన్సిల్‌ నిబంధనల ప్రకారం అర్హత లేదు. పరీక్ష రాసి ర్యాంకు తెచ్చుకున్నా సర్టిఫికెట్ల దగ్గర ఆగిపోతారు. ఇక ఎల్‌ఎల్‌బీ దూరవిద్యలో లేదు. 'ఉద్యోగం చేస్తూ పరీక్షలప్పుడు వెళ్లొస్తాను' అనే ఆలోచనతో మొదలుపెట్టకండి, హాజరు లెక్క ఉంటుంది.

దరఖాస్తులో పేరు, ఇంటి పేరు, పుట్టిన తేదీ టెన్త్‌ మెమోలో ఉన్నట్టే టైపు చేయండి. ఆధార్‌లో వేరుగా ఉంటే ముందు దాన్ని సరిచేయించుకోండి. కుల, ఆదాయ, ఈడబ్ల్యూఎస్‌ పత్రాలకు మీసేవలోనో సచివాలయంలోనో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. కౌన్సెలింగ్‌ తేదీ వచ్చాక క్యూ కట్టేవాళ్లే ఎక్కువ.

2. ఏమీ చదవకుండానే ఒక పాత పేపరు రాయండి

పుస్తకం తెరవకముందు, టైమర్‌ పెట్టి, 90 నిమిషాల్లో. ప్రతి జవాబు పక్కన ఒక గుర్తు పెట్టండి: కచ్చితంగా తెలిసి పెట్టినదానికి 'తె', రెండింటి మధ్య ఊగి పెట్టినదానికి 'ఊ', గుడ్డిగా పెట్టినదానికి 'గు'. తర్వాత కీతో సరిచూసి పార్ట్‌ల వారీగా విడదీయండి.

మొత్తం చూసి సంబరపడకండి, దిగులూ పడకండి. నాలుగు ఆప్షన్లున్న 120 ప్రశ్నలకు వరసగా 'బి' నొక్కుకుంటూ పోయినా సగటున 30 దగ్గర పడతాయి. 45 వచ్చాయంటే అందులో మీ చదువు ఎంతో 'తె' గుర్తులే చెబుతాయి. 'ఊ' గుర్తులు ఎక్కడ ఎక్కువగా ఉన్నాయో అక్కడ తక్కువ శ్రమతో మార్కులు పెరుగుతాయి. సగం తెలిసిన విషయాన్ని పూర్తి చేయడం కొత్తది నేర్చుకోవడం కంటే తేలిక.

3. రాజ్యాంగం: మొదటి మూడు వారాలు

గైడులోని సారాంశం చదివితే పని కాదు. మూల పాఠంలోని ఆర్టికల్‌ను ఒకసారి నేరుగా చదవండి, తర్వాత గైడు చూడండి. ఈ వరసలో వెళ్లండి:

మొదటి వారం: ప్రవేశిక, ఆర్టికల్స్‌ 12 నుంచి 35. వీటిని కంఠస్థం చేయాల్సిందే. 14, 15, 16, 17, 19, 20, 21, 21ఎ, 22, 32 నుంచి ప్రశ్నలు ఎక్కువ. ఒక్కో ఆర్టికల్‌కు 'ఎవరికి?' అనే గడి పెట్టుకోండి. 15, 16, 19, 29, 30 పౌరులకే. 14, 21 పౌరులు కానివాళ్లకూ వర్తిస్తాయి. ఈ ఒక్క గడి పట్టుకుని రకరకాల ప్రశ్నలు అల్లవచ్చు.

రెండో వారం: ఆదేశిక సూత్రాలు 36 నుంచి 51, ప్రాథమిక విధులు 51ఎ (మొత్తం 11), రాష్ట్రపతి, గవర్నర్‌, పార్లమెంటు, ఆర్డినెన్సులకు 123, 213, క్షమాభిక్షకు 72, 161. న్యాయవ్యవస్థలో 124, 136, 141, 143, 214, 226. అత్యవసర పరిస్థితులు 352, 356, 360, సవరణకు 368.

మూడో వారం: సవరణలు, కేసులు, షెడ్యూళ్లు. సవరణల్లో వీటిని వదలొద్దు: 42వది 1976, 44వది 1978 (ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల నుంచి తప్పుకుని 300ఎ అయింది), 52వది 1985 ఫిరాయింపులు, 61వది ఓటు వయసు 18, 73, 74 స్థానిక సంస్థలు, 86వది విద్యా హక్కు, 101వది జీఎస్టీ, 103వది ఈడబ్ల్యూఎస్‌, 106వది చట్టసభల్లో మహిళలకు రిజర్వేషన్‌. మన రాష్ట్రాలకు ప్రత్యేకం 371డి, చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికుల అవకాశాల గురించి. అది 1973లో 32వ సవరణతో వచ్చింది. 371డి ఎందుకో తెలియకుండా తెలుగు రాష్ట్రాల్లో లా సీటుకు పోటీపడటం బాగుండదు కూడా. మీ స్థానికత లెక్కలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

కేసులను జతలుగా చదవండి. గోలక్‌నాథ్‌ 1967, కేశవానంద భారతి 1973 (పార్లమెంటు రాజ్యాంగాన్ని ఎంతవరకు సవరించగలదన్నది): మొదటిదాన్ని రెండోది కొట్టేసింది. గోలక్‌నాథ్‌ తీర్పునాటి ప్రధాన న్యాయమూర్తి మన కోకా సుబ్బారావు. కేశవానందలో 13 మంది జడ్జీలు, 7–6. మేనకా గాంధీ 1978 (వ్యక్తిగత స్వేచ్ఛ), ఇంద్రా సాహ్నీ 1992 (బీసీ రిజర్వేషన్లు), విశాఖ 1997 (పనిచోట లైంగిక వేధింపులు), పుట్టస్వామి 2017 (గోప్యత హక్కు). అన్నట్టు విశాఖ కేసుకు విశాఖపట్నంతో సంబంధం లేదు. అది రాజస్థాన్‌లో ఒక మహిళపై జరిగిన దారుణం దరిమిలా అదే పేరున్న సంస్థ వేసిన కేసు.

తెలుగు మీడియం వాళ్లు రిట్ల (హక్కుల రక్షణకు కోర్టులు జారీ చేసే ఆదేశాల) పేర్లు రెండు రకాలుగానూ రాసుకోండి. హెబియస్‌ కార్పస్‌ అంటే బందీ ప్రత్యక్షం, మాండమస్‌ అంటే పరమాదేశం, ప్రొహిబిషన్‌ అంటే ప్రతిషేధం, సెర్షియోరరీ అంటే ఉత్ప్రేషణ, కో వారంటో అంటే అధికార పృచ్ఛ. విషయం తెలిసీ ఉత్ప్రేషణ అనే మాట దగ్గర మార్కు పోగొట్టుకోవడం చాలా చోట్ల జరిగేదే. పరీక్షలో తెలుగు వాక్యం తికమకగా అనిపిస్తే తెరమీదే ఉన్న ఇంగ్లిష్‌ వాక్యం చూడండి. దాన్ని చూసే అలవాటు మాక్‌ టెస్టుల నుంచే ఉండాలి.

ఎలా సరిచూసుకోవాలి: మూడో వారం చివర తెల్ల కాగితం మీద 12 నుంచి 35 దాకా అంకెలు వేసి, పక్కన ఒక్కో ముక్క రాయండి. పది నిమిషాల్లో 20 దాటితే ముందుకెళ్లండి. లేకపోతే మొదటి వారం పాఠం మళ్లీ చదవండి.

4. క్రిమినల్‌ చట్టాలు: పాత నంబర్లే పెద్ద గొయ్యి

2024 జులై 1 నుంచి ఐపీసీ (నేరాలు, శిక్షల చట్టం) స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ (దర్యాప్తు, విచారణ పద్ధతుల చట్టం) స్థానంలో భారతీయ నాగరిక్‌ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్‌ వచ్చాయి. మొదటిదానిలో 358 సెక్షన్లు, రెండోదానిలో 531, మూడోదానిలో 170. పాత గైడు వద్దన్నది ఇందుకే. పాత ప్రశ్నపత్రాలు రాసేటప్పుడు కూడా కీలోని నంబరు కొట్టేసి కొత్త నంబరు పక్కన రాసుకోండి.

మొదట ఈ పదీ:

- హత్యకు శిక్ష: 302 పోయి 103
- హత్యాయత్నం: 307 పోయి 109
- మోసం: 420 పోయి 318(4)
- వరకట్న మరణం: 304బి పోయి 80
- భర్త, అత్తింటివారి క్రూరత్వం: 498ఎ పోయి 85
- దొంగతనం: 378, 379 పోయి 303
- పరువు నష్టం: 499, 500 పోయి 356
- ఎఫ్‌ఐఆర్‌: సీఆర్‌పీసీ 154 పోయి నాగరిక్‌ సురక్షా సంహితలో 173
- ముందస్తు బెయిలు: 438 పోయి 482
- భార్యాబిడ్డల మనోవర్తి: 125 పోయి 144

చివరి రెండూ ఇంకోసారి చూడండి. సీఆర్‌పీసీలో 144 అంటే నలుగురు గుమికూడకుండా పెట్టే ఆంక్ష. ఇప్పుడు ఆ ఆంక్ష 163లో ఉంది, 144 మనోవర్తి అయింది. పాత 482 హైకోర్టు సహజాధికారం. అది 528కి పోయి, 482 ముందస్తు బెయిలు అయింది. పాత ఐపీసీ 309 ఆత్మహత్యాయత్నం, న్యాయ సంహితలో 309 దోపిడీ. టీవీలో ఇప్పటికీ '144 సెక్షన్‌ విధించారు' అంటుంటారు, అది విని పరీక్షలో జవాబు పెట్టకండి. ప్రశ్నలో ఏ చట్టం పేరుందో చూశాకే నంబరు వైపు వెళ్లండి.

నంబర్లతో పాటు నేరాల మధ్య గీత ఎక్కడుందో పట్టుకోండి. దొంగతనానికీ బలవంతపు వసూలుకూ తేడా: మొదటిదానిలో వస్తువు అనుమతి లేకుండా పోతుంది, రెండోదానిలో బెదిరి బాధితుడే ఇస్తాడు. దోపిడీలో ఐదుగురు లేదా అంతకు మించి ఉంటే బందిపోటు దోపిడీ, సెక్షన్‌ 310. ఏడేళ్లలోపు పిల్లవాడు చేసింది నేరం కాదు. ఏడు నుంచి 12 మధ్య అయితే చేసిన పని పర్యవసానం తెలిసే పరిణతి ఉందా లేదా అన్నది చూస్తారు. శిక్షల్లో కొత్తగా చేరింది సమాజ సేవ. చెయిన్‌ స్నాచింగ్‌ లాంటివాటికి 304 అనే విడి సెక్షన్‌ వచ్చింది.

దీనికి పది రోజులు చాలు. మొత్తం 358 సెక్షన్లూ బట్టీ పట్టే ప్రయత్నం మాత్రం వద్దు.

5. మిగతా చట్టాలు: పలచగా, కానీ అన్నీ

కాంట్రాక్టు చట్టం 1872లో ఆఫర్‌, అంగీకారం, ప్రతిఫలం, సెక్షన్‌ 10, 11. మొదటి నుంచే చెల్లనిదానికీ, ఒకరి ఇష్టాన్నిబట్టి రద్దు చేయదగినదానికీ తేడా. మైనరుతో ఒప్పందం చెల్లదన్న మోహరీ బీబీ కేసు 1903. టార్ట్‌లో (నష్టపరిహారం ఇవ్వాల్సిన పౌర తప్పిదాల్లో) తప్పు లేకున్నా బాధ్యత ఉంటుందన్న రైలాండ్స్‌ వర్సెస్‌ ఫ్లెచర్‌, దానిని దాటి మన సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా కేసులో 1986 డిసెంబరులో తెచ్చిన పూర్తి బాధ్యత సూత్రం. సమాచార హక్కు 2005లో 30 రోజులు, ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే 48 గంటలు. చెక్‌బౌన్స్‌కు నెగోషియబుల్‌ ఇన్‌స్ట్రుమెంట్స్‌ చట్టం 138. హిందూ వివాహ చట్టం 1955, వారసత్వ చట్టం 1956. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కును 2005 కేంద్ర సవరణ కంటే ముందే, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ 1986 చట్టంతో ఇచ్చింది.

లాటిన్‌ సూక్తులు ఓ 40 నేర్చుకోండి. రోజుకు నాలుగు, పది రోజులు. అర్థంతో పాటు ఒక సందర్భం కూడా రాసుకోవాలి, లేకపోతే 'డామ్నమ్‌ సైన్‌ ఇంజురియా', 'ఇంజురియా సైన్‌ డామ్నో' తారుమారవుతాయి. మీ కిరాణా కొట్టు ఎదురుగా ఇంకొకరు కొట్టు పెట్టి మీ బేరం తగ్గిందనుకోండి. నష్టం ఉంది, చట్టపరమైన హక్కుకు భంగం లేదు: మొదటిది. ఓటు హక్కున్న మిమ్మల్ని అధికారి ఓటేయనివ్వలేదు, మీరు వేద్దామనుకున్న అభ్యర్థి ఎలాగూ గెలిచాడు. నష్టం లేదు, హక్కుకు భంగం ఉంది: రెండోది.

6. సూత్రం ఇచ్చి సంఘటన ఇచ్చే ప్రశ్నలు

చదివినవాళ్లు కూడా ఎక్కువ మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. పైన ఒక సూత్రం, కింద ఒక సంఘటన, నాలుగు జవాబులు. ఒకటి చేసి చూద్దాం.

సూత్రం: ఒకరి స్వాధీనంలో ఉన్న చరాస్తిని, వారి అనుమతి లేకుండా, నిజాయితీ లేని ఉద్దేశంతో కదిలిస్తే దొంగతనం.

సంఘటన: రవి ఫోన్‌ రిపేరుకిచ్చాడు. బిల్లు 1,800 అయింది. డబ్బు కట్టేదాకా ఇవ్వనని షాపతను ఫోన్‌ను కౌంటర్‌లో పెట్టుకున్నాడు. అతను టీకి వెళ్లినప్పుడు, బిల్లు ఎగ్గొడదామని రవి ఫోన్‌ తీసుకుని వెళ్లిపోయాడు.

(ఎ) దొంగతనం కాదు, ఫోన్‌ రవిదే. (బి) దొంగతనం. (సి) బిల్లు అన్యాయంగా వేసి ఉంటే దొంగతనం కాదు. (డి) ఇది డబ్బు తగాదా మాత్రమే.

చాలామంది చేయి 'ఎ' మీదికి పోతుంది. సొంత ఫోన్‌ను ఎవరైనా దొంగిలిస్తారా అని. ఇప్పుడు సూత్రంలో షరతుల కింద గీత గీయండి: స్వాధీనం, చరాస్తి, అనుమతి లేకపోవడం, నిజాయితీ లేని ఉద్దేశం, కదిలించడం. యాజమాన్యం అనే మాట సూత్రంలో ఎక్కడా లేదు. ఫోన్‌ షాపతని స్వాధీనంలో ఉంది, అతని అనుమతి అడగలేదు, రవి ఉద్దేశం బిల్లు ఎగ్గొట్టడం. ఐదూ కుదిరాయి. జవాబు 'బి'.

ఇప్పుడు సంఘటనను కాస్త మారుద్దాం. రవి బాకీ ఏమీ లేదు, బిల్లు కట్టేశాడు. షాపతను కావాలనే సతాయిస్తుంటే అతని ఎదుటే ఫోన్‌ లాక్కుని పోయాడు. నిజాయితీ లేని ఉద్దేశం అనే షరతు విరిగింది. చేసిన పనిలో వేరే నేరం ఉంటే ఉండొచ్చు, దొంగతనం కాదు. ఒక్క షరతు మారితే జవాబు తిరగబడుతుంది, ప్రశ్న తయారుచేసేవాళ్లు ఆడుకునేది దీనితోనే.

పద్ధతి ఇది:

మొదట సూత్రం చదివి షరతులు ఎన్నో లెక్కపెట్టండి. తర్వాత సంఘటన చదువుతూ ఒక్కొక్క షరతుకు టిక్కు పెట్టండి. రఫ్‌ కాగితం మీద ఐదు చుక్కలు పెడితే చాలు. సంఘటనలో లేని కొత్త విషయాన్ని లాక్కొచ్చే జవాబును ('బిల్లు అన్యాయంగా వేసి ఉంటే') ముందే కొట్టేయండి. మిగిలిన వాటిలో కారణం కూడా సరైనది చూడండి; నిర్ణయం సరైనదై కారణం తప్పైన జవాబు ఒకటి తరచూ ఉంటుంది.

రెండు పొరపాట్లు మరీ తరచు. ఒకటి, ఎవరు పాపం, ఎవరు దుర్మార్గుడు అని చూడటం. యజమాని 'వేగంగా నడపొద్దు' అని వందసార్లు చెప్పినా, మిల్లుకు ధాన్యం తోలుతూ డ్రైవరు వేగంగా నడిపి గుద్దితే యజమానే బాధ్యుడు, ఎందుకంటే చేస్తున్నది యజమాని పనే. అదే డ్రైవరు సెలవురోజు చెప్పకుండా లారీ తీసుకుని సొంత పెళ్లికి పోతూ గుద్దితే యజమానికి అంటదు. రెండోది, అసలు చట్టం తెలిసినవాళ్లు చేసేది: ఇచ్చిన సూత్రం తమకు తెలిసిన చట్టానికి తేడాగా ఉంటే తెలిసినదే పట్టుకోవడం. ప్రశ్నలో సూత్రం ఇస్తే ఆ ప్రశ్న వరకు అదే చట్టం.

రోజుకు పది ప్రశ్నలు, పదిహేను నిమిషాలు, పరీక్ష దాకా ఆపకుండా చేయండి. మొదట్లో ఒక్కోదానికి నిమిషంన్నర పడుతుంది. నాలుగు వారాలకు నిమిషం లోపుకు రాకపోతే షరతులు లెక్కపెట్టకుండా చదువుతున్నారన్నమాట.

7. కరెంట్‌ అఫైర్స్‌: ఒక వార్త, ఆరు ప్రశ్నలు

పరీక్షకు వెనక పది, పన్నెండు నెలలు చూడండి. నెలకు రెండు పేజీలకు మించి రాయకండి. పీడీఎఫ్‌లు దించుకోవడం చదవడం కాదు.

ఒక వార్తను ఎలా తవ్వాలో చూడండి. ఎస్సీ వర్గీకరణ తీర్పు తీసుకుందాం. తేదీ 2024 ఆగస్టు 1. కేసు పంజాబ్‌ వర్సెస్‌ దవీందర్‌ సింగ్‌. ఏడుగురు జడ్జీలు, 6–1. ఒప్పుకోనివారు జస్టిస్‌ బేలా త్రివేది. కొట్టేసిన పాత తీర్పు ఇ.వి.చిన్నయ్య, 2004, అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ చట్టంపై వచ్చినది. సంబంధిత ఆర్టికల్‌ 341. తెలంగాణలో అమలైన తేదీ 2025 ఏప్రిల్‌ 14, మూడు గ్రూపులు, 1, 9, 5 శాతాలు. ఆ తేదీ అంబేడ్కర్‌ జయంతి. ఇందులో పార్ట్‌ బి ప్రశ్నలూ ఉన్నాయి, పార్ట్‌ సి ప్రశ్నలూ ఉన్నాయి. ప్రతి పెద్ద తీర్పునూ, ప్రతి కొత్త చట్టాన్నీ ఇలా తవ్వండి. క్రీడలు, అవార్డులు, నియామకాలు ఒక్క వరసతో సరిపెట్టుకోవచ్చు.

ప్రధాన న్యాయమూర్తి, ఎన్నికల కమిషనర్లు, గవర్నర్లు వంటి పేర్లు పరీక్షకు వారం ముందు మరోసారి సరిచూడండి. నాలుగు నెలల కింద రాసుకున్న పేరు మారి ఉండొచ్చు.

8. జీకే, మెంటల్‌ ఎబిలిటీ

జీకేకి అంతు లేదు, కాబట్టి పాత పేపర్లలో వచ్చిన అంశాలకే పరిమితం కండి. మీ రాష్ట్రం గురించి మాత్రం గట్టిగా చూడండి: పునర్విభజన చట్టం 2014, అమలు తేదీ జూన్‌ 2, హైకోర్టుల విభజన 2019 జనవరి 1.

మెంటల్‌ ఎబిలిటీలో శ్రేణులు, కోడింగ్‌, రక్తసంబంధాలు, దిక్కులు, క్యాలెండర్‌, గడియారం. సూత్రాలు తక్కువ, అభ్యాసం ఎక్కువ. క్యాలెండర్‌కు ఒకటే గుర్తు పెట్టుకోండి: మామూలు ఏడాదికి ఒక రోజు, మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే రెండు రోజులు ముందుకు. 2014 జూన్‌ 2 సోమవారం, 2015లో అదే తేదీ మంగళవారం, 2016లో గురువారం. గడియారం ముళ్ల మధ్య కోణానికి గంటలను 30తో, నిమిషాలను 5.5తో హెచ్చవేసి తేడా తీయండి. 3:20కి 90, 110. తేడా 20 డిగ్రీలు. తేడా 180 దాటితే 360 లోంచి తీసేయండి.

9. మాక్‌ టెస్టులు, తప్పుల పుస్తకం

చివరి నాలుగు వారాల్లో కనీసం పది పూర్తి పేపర్లు. వాటిలో సగమైనా కంప్యూటర్‌ మీద రాయండి, ఫోన్‌లో కాదు. మీ పరీక్ష ఏ పూట పడితే ఆ పూటే రాయడం మంచిది.

120 ప్రశ్నలకు 90 నిమిషాలంటే ఒక్కోదానికి 45 సెకన్లు. మేం చెప్పే వరస: ముందు కరెంట్‌ అఫైర్స్‌ 12 నిమిషాలు (తెలుసో తెలీదో, ఆలోచిస్తే రావు), తర్వాత పార్ట్‌ సి 45, ఆ తర్వాత పార్ట్‌ ఎ 25, చివర 8 నిమిషాలు మిగిలినవాటికి. మెంటల్‌ ఎబిలిటీని మొదట పెట్టుకున్నవాళ్లు ఒక రక్తసంబంధం ప్రశ్న దగ్గర నాలుగు నిమిషాలు ఇరుక్కుని, చివర్లో పార్ట్‌ సి ప్రశ్నలు చదవకుండానే నొక్కేస్తారు. లెక్కల్లో మీరు చురుకైతే వరస మార్చుకోవచ్చు, కానీ పార్ట్‌ సిని చివరికి నెట్టకండి.

పేపరు రాసిన రోజే తప్పులు పుస్తకంలోకి ఎక్కించండి. ప్రశ్న మొత్తం అక్కర్లేదు. కారణం ఒక్క ముక్కలో: 'తెలీదు', 'పాత నంబరు', 'కానిది అనే మాట చూడలేదు', 'షరతు వదిలేశా', 'టైం లేదు'. మూడు పేపర్ల తర్వాత ఏ ముక్క ఎక్కువసార్లు ఉందో లెక్కపెట్టండి. 'తెలీదు' ఎక్కువైతే పుస్తకం దగ్గరికి, 'చూడలేదు' ఎక్కువైతే చదివే వేగం తగ్గించుకోవడానికి. మందు వేరు వేరు.

10. పరీక్ష రోజు

ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపరు. సెంటర్‌ను ముందు రోజే చూసి రండి. హాల్‌టికెట్‌ ప్రింటు, ఒరిజినల్‌ గుర్తింపు కార్డు, పెన్ను. చేతి గడియారం, ఫోను ఇంట్లోనే.

జవాబు నొక్కి ఊరుకోకండి, సేవ్‌ అండ్‌ నెక్స్ట్‌ నొక్కితేనే నమోదైనట్టు. చివరి మూడు నిమిషాల్లో ఖాళీగా ఉన్న ప్రతిదానికీ ఏదో ఒకటి పెట్టేయండి. నెగెటివ్‌ లేని పరీక్షలో 12 ప్రశ్నలు వదిలేస్తే సగటున మూడు మార్కులు మీ చేత్తో మీరు పారేసుకున్నట్టు. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగినవైతే ఆరు.

11. కీ నుంచి సీటు దాకా

ప్రాథమిక కీ, మీ రెస్పాన్స్‌ షీట్‌ వెబ్‌సైట్‌లో పెట్టగానే దించుకుని దాచుకోండి. అభ్యంతరం పెట్టాలంటే చట్టం పాఠమో ప్రామాణిక పుస్తకం పేజీయో జత చేయాలి. 'మా గైడులో ఇలా ఉంది' అంటే చెల్లదు.

వెబ్‌ ఆప్షన్లు ఇచ్చేముందు ప్రతి కాలేజీకీ ఆ విద్యాసంవత్సరానికి బార్‌ కౌన్సిల్‌ అనుమతి ఉందో లేదో చూడండి. అది లేని కాలేజీ డిగ్రీతో లాయరుగా ఎన్‌రోల్‌మెంట్‌ దగ్గర చిక్కు వస్తుంది. తర్వాత రానుపోను దూరం, ఫీజు, మూట్‌ కోర్టు (విద్యార్థుల నమూనా కోర్టు) నడుస్తోందా లేదా అన్నది. ఆప్షన్లను మీకు ఇష్టమైన వరసలోనే పెట్టండి. నాకు రాదులే అని మంచి కాలేజీని కిందికి నెడితే, వచ్చేది కూడా రాకుండా పోతుంది. ఫ్రీజ్‌ చేశాక ఆ పేజీ ప్రింటు తీసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకోండి.